టాటూ లైసెన్సు: ఏ దారి ఎవరికి సరిపోతుంది

"టాటూ ఆర్టిస్టు లైసెన్సు ఎక్కడిస్తారు?" అన్న ప్రశ్నకు హైదరాబాద్‌లో ఒక జవాబు, డల్లాస్‌లో ఒక జవాబు, పోర్ట్‌లాండ్‌లో మరో జవాబు. చాలామంది ముందు కోర్సుకు డబ్బు కట్టేస్తారు. సర్టిఫికెట్ చేతికొచ్చాక గానీ అది లైసెన్సు కాదని తెలియదు. వరస తిరగేయండి. రేపు ఏ ఊళ్లో కూర్చుని పని చేస్తారో ముందు తేల్చుకోండి, ఆ ఊరి చట్టం ఏమడుగుతుందో చూడండి, ఎక్కడ నేర్చుకోవాలన్నది ఆ తర్వాతి మాట.

ఇంకొక సంగతి కూడా మొదట్లోనే తెలియాలి. మీ గీత బాగుందని ఈ లైసెన్సు ఎవరూ ఇవ్వరు. నెత్తురు తగిలే పని కాబట్టి చాలాచోట్ల దీన్ని చూసేది ఆరోగ్య శాఖే. న్యూయార్క్ నగరం 1961లో హెపటైటిస్ బి భయంతో టాటూలను నిషేధించింది, ఆ నిషేధం 1997 దాకా పోలేదు. అక్కడ ఇప్పటికీ లైసెన్సు కావాలంటే రాయాల్సింది బొమ్మల పరీక్ష కాదు, ఇన్ఫెక్షన్ నివారణ పరీక్ష. అందుకే కాగితం సులువుగా దొరికే చోట నేర్పే గురువు దొరకడం కష్టం. కాగితం కష్టమైన చోట నేర్చుకోవడం చట్టంలోనే రాసి ఉంటుంది. మీకు ఈ రెంటిలో ఏది లోటో దాన్నిబట్టే దారి ఎంచుకోవాలి.

షాపుకే గానీ మనిషికి లైసెన్సు లేని చోట్లు

తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో టాటూ వేసే మనిషికంటూ విడిగా లైసెన్సు లేదు. దేశం మొత్తానికి టాటూల కోసమే చేసిన కేంద్ర చట్టం కూడా లేదు. "గవర్నమెంట్ లైసెన్సు వచ్చే టాటూ కోర్సు" అని ఎవరైనా బోర్డు పెడితే, ఏ శాఖ ఏ చట్టం కింద ఇస్తుందో రాతపూర్వకంగా అడగండి. అది చూపించలేకపోతే వాళ్లిచ్చేది కోర్సు పూర్తయిందనే కాగితం మాత్రమే. పని బాగా నేర్పితే ఆ కాగితానికీ విలువ ఉంది, కాకపోతే లైసెన్సు పేరు చెప్పి ఎక్కువ డబ్బు అడిగితే ఇవ్వొద్దు.

ఇక్కడ చట్టం చూసేది షాపును. మున్సిపాలిటీ లేదా కార్పొరేషన్ నుంచి ట్రేడ్ లైసెన్సు కావాలి. కార్మిక శాఖ దగ్గర 1988 నాటి షాపులు, సంస్థల చట్టం కింద రిజిస్ట్రేషన్ చేయించాలి. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ. చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు ఫీజు లేదు, రేపు బ్యాంకులో రుణం అడిగేటప్పుడు పనికొస్తుంది. అద్దె ఒప్పందంలో ఇల్లు "నివాసానికి" అని రాసుంటే ట్రేడ్ లైసెన్సు దగ్గరే పని ఆగిపోతుంది, కాబట్టి అడ్వాన్సు ఇచ్చేముందే ఆ ఒక్క మాట చదవండి.

అందరూ వదిలేసేది చెత్త సంగతి. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం సూదులు గుచ్చుకుపోని తెల్ల డబ్బాలోకి, నెత్తురంటిన దూది పసుపు సంచిలోకి, గ్లవ్స్ ఎర్ర సంచిలోకి వెళ్లాలి. వీటిని తీసుకెళ్లే ఉమ్మడి శుద్ధి కేంద్రాల బండి మీ వీధిలోని క్లినిక్కులకు ఎలాగూ వస్తుంది. కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో అడిగి ఆ కేంద్రంతో ఒప్పందం రాసుకోండి. వాడిన కార్ట్రిడ్జ్‌ను (మెషీన్‌కు తగిలించే సూదుల గొట్టాన్ని) మామూలు చెత్తలో వేస్తే అది గుచ్చుకునేది పొద్దున్నే చెత్త ఏరే మనిషి చేతికి. ఇన్‌స్పెక్టరు రాకపోయినా ఈ పని తప్పకూడదు.

వయసు మాటకొస్తే, 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం 18 నిండనివాళ్ల సంతకానికి బలం లేదు. ఇంటర్ చదివే పిల్లలు స్నేహితులతో గుంపుగా వస్తారు, ఆధార్ చూడకుండా కుర్చీలో కూర్చోబెట్టొద్దు.

టెక్సస్ కూడా ఈ కోవలోదే. అక్కడ రాష్ట్ర ఆరోగ్య శాఖ స్టూడియోకు లైసెన్సు ఇస్తుంది, ఆర్టిస్టుకు విడిగా ఇవ్వదు. డల్లాస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు ఈ మాట విని "అయితే ఇంట్లోనే వేయొచ్చు" అనుకుంటారు. కుదరదు. లైసెన్సు ఆ చిరునామాకు ఇచ్చింది. లైసెన్సు లేని గ్యారేజీలో వేస్తే అది చట్టవిరుద్ధమే.

రెండు గంటల శిక్షణతో దొరికే కాగితం

కాలిఫోర్నియాలో 2012 జులై 1 నుంచి సేఫ్ బాడీ ఆర్ట్ చట్టం నడుస్తోంది. ఆర్టిస్టు తాను పని చేసే కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆరోగ్య విభాగంలో ఏటా నమోదు కావాలి. 18 ఏళ్లు నిండినట్టు రుజువు, రక్తం ద్వారా వచ్చే జబ్బుల మీద కనీసం రెండు గంటల శిక్షణ, హెపటైటిస్ బి టీకా వేయించుకున్నట్టు గానీ రోగనిరోధకత ఉన్నట్టు గానీ కాగితం (టీకా వద్దనుకుంటే నిబంధనల ప్రకారం సంతకం చేసిన నిరాకరణ పత్రం), చట్టం తెలుసు, పాటిస్తాను అని సొంత ధ్రువీకరణ, ఫీజు. ఇంతే. బొమ్మ ఎవరూ అడగరు.

దరఖాస్తు తిరిగొచ్చేది ఎక్కువగా శిక్షణ సర్టిఫికెట్ దగ్గరే. నర్సులకూ ఆసుపత్రి సిబ్బందికీ ఇచ్చే మామూలు ఆన్‌లైన్ సర్టిఫికెట్ చవగ్గా దొరుకుతుంది, చాలామంది అది కొని జతచేస్తారు. చట్టం అడిగేది టాటూ పనికి సంబంధించిన శిక్షణ. బల్ల ఎలా సర్దాలి, ఒకరి నెత్తురు ఇంకొకరికి ఏ వస్తువు మీదుగా చేరుతుంది లాంటివన్నీ అందులో ఉండాలి. కౌంటీ వెబ్‌సైట్‌లో తాము ఒప్పుకునే శిక్షకుల జాబితా ఉంటుంది, అందులోంచే ఎంచుకోండి. ఇంకో తిరకాసు, మీ నమోదు ఒక కౌంటీది. శాంటా క్లారాలో నమోదై, వారాంతంలో ఆలమెడా కౌంటీలోని స్టూడియోలో కూర్చోవాలంటే ముందు అక్కడి ఆరోగ్య విభాగాన్ని అడగాలి. స్టూడియోకు ఆరోగ్య పర్మిట్ వేరు, అది యజమాని తెచ్చుకోవాలి.

న్యూయార్క్ నగరం మనిషికే లైసెన్సు ఇస్తుంది, ఇన్ఫెక్షన్ కోర్సు చేసి పరీక్ష పాసైతే రెండేళ్లు చెల్లుతుంది. ఫ్లోరిడాలో రాష్ట్రం ఆమోదించిన కోర్సు చేసి, పరీక్ష పాసై, ఫీజు కడితే చాలు.

ఇంగ్లండ్‌లో 1982 చట్టం కింద స్థానిక కౌన్సిల్ దగ్గర మనిషీ, స్థలమూ రెండూ నమోదు కావాలి. లండన్ బరోల్లో (నగరంలోని స్థానిక పాలనా విభాగాల్లో) పద్ధతి వేరు, అక్కడ స్పెషల్ ట్రీట్‌మెంట్ లైసెన్సు అడుగుతారు. వేల్స్ 2024 నవంబరు 29 నుంచి లైసెన్సు తప్పనిసరి చేసింది. దానికి ఇన్ఫెక్షన్ నివారణలో లెవెల్ 2 అర్హత ఉండాలి, లైసెన్సు మూడేళ్లు చెల్లుతుంది. కార్డిఫ్‌లో ఉంటూ ఇంగ్లండ్ స్నేహితుల మాట విని నమోదుతో సరిపోతుందనుకుంటే దెబ్బతింటారు.

ఈ చోట్లన్నిటా కాగితం నెలా రెండు నెలల పని. చేయి తిరగడానికి మాత్రం ఏడాది, రెండేళ్లు. ఆ రెంటి మధ్య కాలం ఎక్కడ గడుపుతారో తేల్చుకోకుండా ఈ దారి పట్టొద్దు.

గంటలు లెక్కపెట్టే చోట్లు

పోర్ట్‌లాండ్ ఉన్న ఆరెగాన్ రాష్ట్రంలో స్కూలు తప్పదు. మొత్తం 360 గంటల శిక్షణ, అందులో 210 పాఠాలు, 150 చేతిపని. ఆ చేతిపనిలో శిక్షకుడి పర్యవేక్షణలో 50 టాటూలు పూర్తి చేయాలి. తర్వాత రాతపరీక్ష. వారానికి 30 గంటలు వెళ్తే 12 వారాల్లో అయిపోతుంది. ఖర్చు మాత్రం వేల డాలర్లలో ఉంటుంది. చేరేముందు స్కూలుకు రాష్ట్ర ఉన్నత విద్యా కమిషన్ లైసెన్సు ఉందో లేదో చూడండి, అది లేకపోతే మీ 360 గంటలూ లెక్కలోకి రావు.

న్యూజెర్సీలో స్కూలు కాదు, శిష్యరికం. 2,000 గంటలు. రోజూ పనికి వెళ్లినట్టు వారానికి 40 గంటలు వెళ్తే 50 వారాలు. ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాలు ఎనిమిదేసి గంటలు వెళ్తే 125 వారాలు, అంటే దాదాపు రెండున్నరేళ్లు. ఎడిసన్‌లోనో జెర్సీ సిటీలోనో ఉద్యోగం చేస్తూ వారాంతాల్లో ఈ పని నేర్చుకోవాలనుకునేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి. గంటల పుస్తకంలో తేదీ, పని, గురువు సంతకం ఏ రోజుకారోజు పడాలి. నెలాఖరున ఒకేసారి సంతకాలు పెట్టించుకుందాం అనుకున్నవాళ్లు, గురువుకూ యజమానికీ చెడి స్టూడియో మూతపడితే ఆ గంటలన్నీ పోగొట్టుకుంటారు.

ఈ దారి బరువుగా కనిపిస్తుంది గానీ, సిఫారసు చేసేవాళ్లెవరూ లేని కొత్తవాళ్లకు ఇదే నయం. ఆరెగాన్ స్కూల్లో 50 టాటూలు వేయించడం స్కూలు బాధ్యత. కాలిఫోర్నియాలో ఆ మొదటి 50 చర్మాలు మీరే వెతుక్కోవాలి.

వీసా చూసుకోకుండా ఒక్క డాలరు కట్టొద్దు

లైసెన్సు ఇచ్చే ఆరోగ్య శాఖ మీ వీసా సంగతి చూసుకోదు. లైసెన్సు వచ్చింది కాబట్టి పని చేసే హక్కు వచ్చిందనుకోవడం పెద్ద పొరపాటు. ఎఫ్‌-1 మీద ఉన్న విద్యార్థి అనుమతి లేకుండా క్యాంపస్ బయట స్టూడియోలో పని చేస్తే హోదా పోయే ప్రమాదం ఉంది. జీతం లేని శిష్యరికం కూడా పనిగా లెక్కకు రావచ్చు, అందుకని యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడగకుండా మొదలుపెట్టొద్దు. హెచ్‌-1బీ మీ కంపెనీ పనికే కట్టుబడి ఉంటుంది, వారాంతంలో డబ్బు తీసుకుని టాటూ వేయడం దాని పరిధిలోకి రాదు. హెచ్‌-4 (హెచ్‌-1బీ వాళ్ల జీవిత భాగస్వామి వీసా) మీద ఉండి ఈఏడీ అనే పని అనుమతి కార్డు ఉన్నవాళ్లకు ఈ అడ్డంకి లేదు, సొంతంగానూ చేసుకోవచ్చు. మనవాళ్లలో ఈ పనికి చట్టప్రకారం అందరికంటే అనువుగా ఉన్నది వాళ్లకే, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లను పక్కన పెడితే.

బ్రిటన్‌లో డిగ్రీ, ఆపై చదువులు చదివేవాళ్లకు చదువు రోజుల్లో వారానికి 20 గంటల పని అనుమతి ఉంటుంది కదా, అందులో టాటూ వేసుకోవచ్చనిపిస్తుంది. అయితే స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి నిషిద్ధం. టాటూ స్టూడియోల్లో ఎక్కువమంది జీతగాళ్లు కారు, కుర్చీ అద్దెకు తీసుకుని తమ లెక్కన చేసుకునేవాళ్లు. కుర్చీ అద్దె అంటే స్వయం ఉపాధే. జీతం స్లిప్ ఇచ్చి ఉద్యోగిగా పెట్టుకునే స్టూడియో దొరికితేనే కుదురుతుంది.

గురువును ఎలా చూసి ఎంచుకోవాలి

ఎక్కడైనా సరే, గోడ మీది బొమ్మలు చూసి గురువును ఎంచుకోకండి. కొత్తగా వేసిన టాటూ ఎవరిదైనా మెరుస్తుంది. మానిన తర్వాతి ఫొటోలు, ఏడాది దాటినవి, అడగండి. గీత అంచులు నీలంగా చెదిరిపోయి కనిపిస్తే సూది మరీ లోతుకు దిగిందని అర్థం. రంగు చర్మం రెండో పొరలో నిలవాలి, అది పైనుంచి సుమారు ఒకటి రెండు మిల్లీమీటర్లు. మణికట్టు లోపలి వైపు, చీలమండ దగ్గర చర్మం పలచన, అక్కడ చేయి కాస్త బరువైనా రంగు కిందికి జారి పాకుతుంది. అలాంటి చోట్ల గీత సన్నగా నిలిచిందంటే ఆ చేతిని నమ్మొచ్చు.

మన చామనఛాయ, నలుపు చర్మాల మీద పని చేసిన అనుభవం ఉందా అని కూడా అడగండి. లేత పసుపు, లేత గులాబీ మన ఒంటి రంగు కింద మునిగిపోతాయి. ఒకే చోట సూది పదేపదే తిప్పితే కెలాయిడ్ గడ్డ (మానిన చోట ఉబ్బే మచ్చ) లేచే అవకాశం మన చర్మానికి ఎక్కువ. పాతకాలంలో పచ్చబొట్లు పొడిచినవాళ్లు నల్లటి ఒకే రంగుతో పొడిచారు, మన ఒంటి మీద అది దశాబ్దాలు నిలిచింది. నేర్చుకునేవాళ్లకు మొదటి ఆరు నెలలూ నలుపొక్కటే చాలు.

ఆన్‌లైన్ కోర్సు గీతలు, స్టెన్సిల్, మెషీన్ అమరిక నేర్చుకోవడానికి పనికొస్తుంది. సిలికాన్ చర్మం మీద గంటలు పెట్టండి. అది సాగదు, కదలదు, నెత్తురు రాదు, కాబట్టి ఎడమచేత్తో చర్మం బిగపట్టడం అన్న అసలు విద్య అక్కడ రాదు. దానికి ఎదురుగా గురువు ఉండాలి.

ఇన్‌స్పెక్టరు చూసేది, చూడకపోయినా జరగాల్సింది

శిక్షణ బాగా జరిగిన మనిషి బల్ల సర్దే తీరే వేరుగా ఉంటుంది. చేతులు కడిగి, బల్లకు క్రిమినాశని కొట్టి వెంటనే తుడవకుండా సీసా మీద రాసిన నిమిషాలు తడిగా వదిలేస్తారు. తర్వాత పలచటి ప్లాస్టిక్ పొర పరుస్తారు. మెషీన్‌కు సంచి, వైరుకు తొడుగు, సబ్బునీళ్ల సీసాకు కూడా సంచి. రంగులన్నీ చిన్న కప్పుల్లోకి ముందే పోసి పెద్ద సీసాలు అలమరలో పెట్టేస్తారు. కార్ట్రిడ్జ్ ప్యాకెట్ మీది గడువు తేదీ కస్టమర్‌కు చూపించి, అతని ముందే చింపుతారు. షేవింగ్‌కు ఒక జత గ్లవ్స్, సూది పట్టడానికి ఇంకో జత.

తప్పు జరిగేది మధ్యలో. ఎరుపు అయిపోయింది, కస్టమర్ చేయి అలాగే చాపుకుని ఉన్నాడు, ఆర్టిస్టు అదే గ్లవ్‌తో అలమరలోంచి సీసా అందుకుని రెండు చుక్కలు పోసి మళ్లీ పనిలో పడతాడు. సీసా మీద కంటికి ఏమీ కనపడదు. హెపటైటిస్ బి వైరస్ ఆరిన నెత్తుటిలో కనీసం ఏడు రోజులు బతుకుతుంది. ఆ వారంలో ఆ సీసా ముట్టుకున్న ప్రతి చేతికీ, ఆ చేయి పని చేసిన ప్రతి చర్మానికీ అది చేరగలదు. దానికంటే నయం, గ్లవ్స్ తీసేసి, చేతులు కడిగి, కొత్తవి తొడిగి, ఇంకో కప్పు పోసుకోండి. మూడు నిమిషాల పని.

ఆటోక్లేవ్ (ఆవిరి వేడితో క్రిములను చంపే యంత్రం) కొనాలా వద్దా అన్నది కొత్త స్టూడియోలకు పెద్ద ఖర్చు ప్రశ్న. సూది, ట్యూబు, గ్రిప్పు అన్నీ ముందే స్టెరిలైజ్ చేసి వచ్చే ఒకసారి వాడే రకమైతే కాలిఫోర్నియా చట్టం ఆటోక్లేవ్ అడగదు. చిన్న స్టూడియోకు ఇదే మంచిది. స్టీలు గ్రిప్పులే వాడతానంటే, పౌచ్‌లో పెట్టిన సామానుకు మామూలు ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు పట్టాలి, యంత్రం నిజంగా క్రిములను చంపుతోందో లేదో తేల్చే స్పోర్ పరీక్ష క్రమం తప్పకుండా చేయించి ఫలితం దాచాలి. పౌచ్ మీద గీత రంగు మారడం వేడి తగిలిందని మాత్రమే చెప్తుంది, లోపలి క్రిములు చచ్చాయని చెప్పదు. మన సెలూన్లలో కనిపించే నీలి దీపం పెట్టె మాత్రం అసలు స్టెరిలైజరే కాదు, టాటూ సామానుకు దాన్ని నమ్మొద్దు.

రంగుల సీసా మీది లాట్ నంబరు కస్టమర్ ఫారం మీద రాసే అలవాటు మొదటి రోజు నుంచే ఉండాలి. 2011లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో ఒకే ఆర్టిస్టు దగ్గర వేయించుకున్న 19 మందికి టాటూ మీద మానని దద్దుర్లు లేచాయి, 14 మందిలో మైకోబ్యాక్టీరియా చెలోనే అనే సూక్ష్మజీవి తేలింది. దోషం ఆర్టిస్టుది కాదు, ముందే కలిపి అమ్మిన బూడిదరంగు సీసాలది. మూత తీయని సీసాలోనూ అది దొరికింది. నలుపును బూడిదగా చేయడానికి కుళాయి నీళ్లు గానీ కొట్లో కొన్న డిస్టిల్డ్ వాటర్ గానీ కలపొద్దు, డిస్టిల్డ్ అంటే క్రిములు లేనిదని కాదు. స్టెరైల్ అని రాసి ఉన్న నీళ్లే వాడాలి.

ఇక ఎవరికి ఏది

హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉండి ఇక్కడే పని చేయాలనుకుంటే, సర్టిఫికెట్ల వేట మాని ఏడాది పాటు మంచి స్టూడియోలో శిష్యరికం వెతుక్కోండి. రక్తజన్య వ్యాధుల కోర్సు ఒకటి విడిగా చేయండి, చట్టం అడగకపోయినా.

అమెరికాలో పని అనుమతి ఉండి, స్కూలుకు డబ్బుండి, తెలిసినవాళ్లెవరూ లేకపోతే ఆరెగాన్. తెలిసిన స్టూడియో తలుపు తీస్తే కాలిఫోర్నియా, ఫ్లోరిడా, న్యూయార్క్ నగరం. న్యూజెర్సీలో స్థిరపడి, ఏడాది నుంచి రెండున్నరేళ్ల ఓపిక ఉంటే అక్కడి శిష్యరికం గట్టిది. టెక్సస్‌లో కాగితం భారం తక్కువ కాబట్టి నేర్చుకునే భారమంతా మీదే, స్టూడియో ఎంపికలో తొందరపడొద్దు. ఇప్పటికే ఐదారేళ్ల అనుభవం ఉన్న ఆర్టిస్టుకు గంటలు అడిగే రాష్ట్రాలు చికాకు పెడతాయి, ఆరోగ్య కాగితంతో సరిపెట్టే చోటే నయం.

ఒక రాష్ట్రం కాగితం ఇంకో రాష్ట్రంలో చెల్లుతుందని అనుకోవద్దు. మారే అవకాశం ఉన్నవాళ్లు గంటల పుస్తకం, శిక్షణ సర్టిఫికెట్లు, గురువు సంతకం చేసిన లేఖ, టీకా కార్డు అన్నీ ఒక ఫైలులో పెట్టుకోవాలి. హెపటైటిస్ బి టీకా మామూలుగా మూడు డోసులు. మొదటి దాని తర్వాత నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. లైసెన్సు దరఖాస్తు వారం ముందు గుర్తొస్తే కుదిరే పని కాదు, కోర్సుకు ఫీజు కట్టే రోజునే మొదటి డోసు వేయించుకోండి.